పదకొండో బెడ్డు పక్కన గప్పీల తొట్టి

1964, వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు. భిలాయిలో ఉక్కు కార్మికులకి వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో, మగవాళ్ల ఎముకల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. విజయనగరం రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగి, ట్రైనింగు పూర్తి చేసి, ఇరవై మూడో ఏట ఇక్కడికి వచ్చాను. అప్పటికి నాలుగేళ్ల సర్వీసు. నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మే వయసు. దుప్పటి మీద ముడత కనిపిస్తే ఊరుకునేదాన్ని కాదు. నన్ను చూసి డాక్టర్లు కూడా బూట్లు దులుపుకుని లోపలికి వస్తారని మా ఆయా ఫూల్‌బాయి అందరికీ చెప్పేది. అది నిజం కాదు, కానీ నేనెప్పుడూ కాదనలేదు.

ఎముకల వార్డు మిగతా వార్డుల్లా ఉండదు. విరిగిన ఎముక అతకడానికి ఎన్ని వారాలు పడితే అన్ని వారాలు మనిషి పైకప్పు చూస్తూ పడుకోవాలి. ఒళ్లంతా ఆరోగ్యంగానే ఉంటుంది, కాలు మాత్రం కదపకూడదు. నిన్నటిదాకా ఇనుముతో కుస్తీ పట్టిన మనుషులకి అది శిక్షే. చిరాకుపడతారు, అన్నం పళ్లెం తోసేస్తారు, భార్యల మీద అరుస్తారు.

అందుకే మా పెద్ద డాక్టరుగారు వార్డులో చేపల తొట్టి పెట్టించారు. ఆయన బెంగాలీ. చేపలంటే ప్రాణం, తినడానికీ, చూడడానికీ కూడా. చెయ్యి విరిగి మా దగ్గర నయం చేయించుకున్న ఒక ఫిట్టరు ఇనప యాంగిల్స్ అతికి, గాజు పలకలు బిగించి తొట్టి చేసి తెచ్చాడు. డాక్టరుగారు కలకత్తా సెలవు నుంచి వస్తూ హౌరా నుంచి దుర్గు స్టేషను దాకా రైల్లో పాల క్యాను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పదిహేడు గప్పీలనీ నాలుగు నల్ల మోలీలనీ తెచ్చారు. గప్పీ ఒళ్లు చిటికెనవేల్లో సగం ఉంటుంది, తోక మాత్రం విప్పిన విసనకర్ర. ఈ తొట్టిని ఆయన కమ్యూనిటీ ట్యాంకు అనేవారు. అంటే వేరువేరు రకాల చేపలు ఒకే నీళ్లలో కొట్టుకోకుండా బతికే తొట్టి. "మన టౌన్‌షిప్పు లాగ" అని నవ్వేవారు. దాన్ని పదకొండో బెడ్డు పక్కన, కిటికీ వెలుతురు పడేచోట పెట్టాం.

ఆ బెడ్డుకి సెప్టెంబరులో పైడయ్య వచ్చాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఖుర్సీపార్‌లో కాపురం. పని టిండేలు, అంటే తాళ్లతో కప్పీలతో బరువైన దూలాలు పైకెక్కించే ఖలాసీల ముఠాకి పెద్ద. తడిసిన పలక మీద కాలు జారి ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. కుడి తొడ ఎముక, మేము ఫీమర్ అంటాం, మధ్యకి రెండు ముక్కలైంది.

తొడ కండరాలకి చాలా బలం. ఎముక విరగ్గానే అవి ఆ రెండు ముక్కల్నీ ఒకదాని మీదకి ఒకటి లాగేస్తాయి. అలాగే అతికితే కాలు పొట్టిదైపోతుంది. అందుకని మోకాలి కింది ఎముకలోంచి ఉక్కు పిన్ను దూర్చి, దానికి తాడు కట్టి, మంచం కాళ్లవైపు కప్పీ మీదుగా ఇనప బిళ్లలు వేలాడదీస్తాం. ఇదే ట్రాక్షన్. ఆ రోజుల్లో తొడకి ఇదే వైద్యం. పన్నెండు వారాలు ఆ బిళ్లలు గాల్లో వేలాడుతూనే ఉండాలి.

పైడయ్య తెలివిలోకి రాగానే తల కాస్త ఎత్తి తాడు వంక చూశాడు.

"ఈ కప్పీ ఎవులు బిగించినారమ్మా?"

"నేనే. ఏం?"

"బాగుంది. తాడు పాతది."

నాకు ఒళ్లు మండింది. అయినా రౌండ్సు అయ్యాక చూస్తే పిన్ను దగ్గర తాడు పోగులు లేచి ఉన్నాయి. కొత్త తాడు వేశాను.

డాక్టరుగారిని అతను అడిగింది ఒకటే. "మల్లీ పైకెక్కుతానా బాబూ?" పదిహేనేళ్లుగా ఎత్తుల మీద పని చేసినవాడు. ముఠా అంతా అతని చెయ్యి చూసి కదిలేది. కాలు సరిసమానంగా వస్తే ఎక్కుతావు, పొట్టిదైతే ఎక్కనివ్వం, కింద కూర్చునే పనేదో ఇస్తారు అని డాక్టరుగారు హిందీలో చెప్పారు. నేను మళ్లీ తెలుగులో చెప్పాను. "కిందన కూకోడం నాను సెయ్యలేనమ్మా" అన్నాడు. బతిమాలినట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం నేను మందుల ట్రే తీసుకుని వెళ్లేసరికి, పదకొండో బెడ్డు కాళ్ల దగ్గర ఒక స్టూలు. బిళ్లలు దాని మీద హాయిగా కూర్చుని ఉన్నాయి. తాడు వదులుగా వేలాడుతోంది. పైడయ్య భార్య రాములమ్మ అతనికి అన్నం కలిపి పెడుతోంది.

"ఎవరు పెట్టారిది?" అని కేకేశాను.

"నానేనమ్మా" అంది రాములమ్మ బెదిరిపోయి. "ఆయనే ఎట్టమన్నాడు."

స్టూలు తీసేసి, ఇద్దరికీ గట్టిగా చీవాట్లు పెట్టాను. పైడయ్య తల అటు తిప్పుకుని చేపల్ని చూస్తున్నాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే స్టూలు. ఆ తర్వాత స్టూలుని వార్డు బయట పెట్టించాను. ఈసారి బిళ్లల కింద రెండు ఇటికలు. మూడో వారం చివర ఎక్స్‌రే తీస్తే ఎముక ముక్కలు ఒకదాని మీదకి ఒకటి అంగుళం ఎక్కేశాయి. డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పట్టి, "ఇలాగే ఉంటే ఇతను ఇంక నేల మీదే" అన్నారు. నేను కేస్ షీట్లో, అంటే పేషెంటు రోజువారీ వివరాలు రాసే కాగితంలో, 'మాట వినడు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంతలో తొట్టిలోనూ సుఖం లేదు. గప్పీల తోకలు చినిగిపోతున్నాయి. వారానికొకటో రెండో తేలిపోతున్నాయి. డాక్టరుగారు జబ్బు అన్నారు, ఫూల్‌బాయి దిష్టి అంది. నేను ఉప్పు వేశాను. ఒకరోజు పొద్దున్న నేను మంచం సర్దుతుంటే పైడయ్య నోరు విప్పాడు.

"జబ్బు కాదమ్మా. ఆ రెండు పరిగెలు కొరికేత్తన్నాయి."

అంతకు కొన్నాళ్ల ముందు, వార్డులో ఎవరి బంధువో వాగులోంచి రెండు పరిగె చేప పిల్లల్ని తెచ్చి తొట్టిలో వదిలాడు. వెండిలా మెరుస్తూ బుద్ధిగా కనిపించేవి. నేను పావుగంట చూశాను, ఏమీ జరగలేదు.

"నువ్వు నిలబడితే కొరకవు. నిన్ను సూసి బువ్వొచ్చిందని పైకొత్తాయి. అందరూ ఎల్లిపోనాక సూడాల. పెద్దదుంది సూడు, మొప్ప కాడ మచ్చున్నాది, అది ఎనకాతల నుంచి ఒచ్చి తోక మీద ఒక్క పీకు పీకుతాది. సిన్నది దాన్ని సూసి నేర్సుకుంది."

ఫూల్‌బాయి దోమతెర గుడ్డ పట్టుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. పావుగంట వెతికినా పరిగె చిక్కలేదు, మోలీలే చిక్కాయి. పైడయ్య పడుకున్నచోటి నుంచే హిందీలో చెప్పాడు. "దీదీ, దాని ఎనకాతల పరిగెత్తకు. గుడ్డ మూల్లో ఉంచు. అదే ఒస్తది. రుకో... ఇప్పుడు కాదు... ఇప్పుడు!" పెద్దది గుడ్డలో గెంతింది. ఫూల్‌బాయి తన భాషలో "హాయ్ దాయీ!", అమ్మో, అని అరిచి నేల మీద కూలబడి నవ్వింది. చిన్నది దొరకడానికి మరో రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మొత్తం వార్డు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, కానీ అతని మీద కోపం మాత్రం పోలేదు. అంత చూపున్నవాడు తన కాలిని తనే పాడుచేసుకుంటున్నాడే అన్నదే నా కోపం.

తోకలు చినగడం ఆగింది, చావులు ఆగలేదు. నీళ్లు బియ్యం కడిగిన కలి నీళ్లలా మసకేసేవి. గప్పీలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి మింగేవి. నీళ్లు మార్చిన మర్నాటికి మళ్లీ అంతే. ఒక పొద్దున్న నేను అలవాటుగా ఉడికిన గుడ్డు పచ్చసొన చిటికెడు నలిపి తొట్టిలో వేస్తుంటే, వెనక నుంచి పైడయ్య అన్నాడు.

"సిస్టరమ్మా, మీరే సంపేత్తన్నారు ఆటిని."

"ఏం కూశావు?" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను.

"కోప్పడకమ్మా. నువ్వేసింది ఎంత? సిటికెడు. మద్దేనం కేరళ సిస్టరొచ్చి రొట్టి ముక్క నలిపేత్తది, సిటికెడే. రేతిరి సిస్టరు డాక్టరుబాబు మేత డబ్బాలోది ఇంకో సిటికెడు. మజ్జెలో డాక్టరుబాబు ఒచ్చి ఆయనో సిటికెడు. ఎవులికాలు ఆటికి బువ్వెట్టేది నానే అనుకుంతన్నారు. తిన్నంత తింతన్నాయి, మిగిలింది అడుక్కెల్లి కుళ్లిపోతంది."

"ఇదంతా నీకెలా తెలుసు?"

"మీకు మూడు షిఫ్టులు. నాకొకటే షిఫ్టు. వొచ్చినకాణ్ణుంచీ నాను దిగనేదు గదా."

నా చేతిలో పచ్చసొన అలాగే ఉండిపోయింది. నాలుగు వారాలుగా దుప్పటి ముడతలు లెక్కపెట్టిన నాకు ఆ తొట్టి ఎందుకు చస్తోందో తెలియలేదు. మంచానికి కట్టేసిన మనిషికి తెలిసింది.

అతను ఆపలేదు. "మీరు షిఫ్టు మారినప్పుడు కాయితాలన్నీ అప్పజెప్పుకుంతారు. ఈటి బువ్వ ఒకలికొకలు సెప్పుకోరు. మా ముఠాలో అలగ కుదరదమ్మా. బరువు గాల్లో ఉందంటే దాని కాడ మనిసుండాల. ఆడు ఎల్లాలంటే ఇంకోడికి అప్పజెప్పాల. బువ్వకెల్లాలంటే ముందుగా బరువు కిందెట్టాల. గాల్లో ఒగ్గీసి ఎల్లినోణ్ణి మల్లీ పనిలోకి రానియ్యం."

ఆ మాట విన్నాక నేను మంచం కాళ్లవైపు చూశాను. బిళ్లలు నెమ్మదిగా ఊగుతున్నాయి. అప్పుడు అడిగాను. "అందుకేనా స్టూలు?"

"మరేటి? నాను బువ్వ తింతాను, నిద్దరోతాను. అప్పుడు దాన్నెవులు సూస్తారు? నువ్వు ఆ సివర బెడ్డు కాడుంతావు. ఊగుతున్న బరువెట్టుకుని ముద్ద దిగదమ్మా నాకు." అతనే మళ్లీ చెప్పాడు. "మా మామ కాడ పని నేర్సుకున్నాను నాను. అప్పుడు నాకు పదారేళ్లు. బీడీ కాల్సుకొస్తానని ఒకడు బరువొగ్గీసి ఎల్లిపోనాడు. కిందనున్నోడు మా మామ."

నాలుగు వారాల్లో నేను అతన్ని ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు. తియ్యి, ముట్టుకోకు, కదలకు, ఇవే నా మాటలు. అతనికి కాలు మీద శ్రద్ధ లేదనుకున్నాను. అతనేమో ప్రాణం పోయినా తప్పకూడని నియమం పాటిస్తున్నాడు. కుర్చీ లాక్కుని అతని తల దగ్గర కూర్చున్నాను. డ్యూటీలో పేషెంటు పక్కన కూర్చోవడం నాకు అదే మొదలు.

"పైడయ్యా, నీకు నేను సరిగ్గా చెప్పలేదు. ఆ బిళ్లలు బరువు కావు. బరువు నీ ఎముక. అది విరిగి గాల్లో ఉంది. ఆ బిళ్లలు దాన్ని తాడుతో లాగి పట్టుకున్న నీ ముఠా మనుషులు."

అతను నా వంక, తర్వాత తాడు వంక చూశాడు. తాడు వెంట అతని చూపు బిళ్లల నుంచి కప్పీకి, కప్పీ నుంచి పిన్నుకి, పిన్ను నుంచి తొడకి పాకింది.

"అంటే... బరువు గాల్లో ఉండగా, నాను తాడొగ్గించీసినానా?"

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. రాములమ్మ అన్నం క్యారేజీతో వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు. ఆమెతో ఒకటే అన్నాడు. "మంచం కిందన దాసిన ఆ ఇటికలు పారెయ్యి."

డాక్టరుగారు మరో నాలుగు పౌన్ల బిళ్ల కలిపారు. అతుకు ఇంకా మెత్తగానే ఉంది, కాలు సరిసమానంగా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. పైడయ్య ఒక షరతు పెట్టాడు. తను తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు తాడుకి ఎవరో ఒకరు బాధ్యత ఉండాలి, ఆ మాట తనకి వినపడేలా చెప్పాలి. నేను ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి షిఫ్టు మారినప్పుడల్లా దిగిపోయే నర్సు తాడు మీద చెయ్యి వేసి, "పదకొండు. బరువు గాల్లో ఉంది, తాడు బాగుంది" అనేది. ఎక్కే నర్సు తనూ చెయ్యి వేసి "తీసుకున్నాను" అనేది. కేరళ అమ్మాయిలు ఆ తెలుగు మాటల్ని నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు పలికేవారు. పైడయ్య అంతా విని, "సరే" అన్నాకే కళ్లు మూసుకునేవాడు. ఆ వెంటనే తొట్టి సంగతి. "చేపలకి పొద్దున్నే అయింది, ఇంక లేదు." రోజుకి ఒక్కసారి, ఒక్క చెయ్యే మేత వేయాలన్నాం. డాక్టరుగారితో ఆ మాట చెప్పడానికి అందరూ భయపడితే నేనే చెప్పాను. ఆయన నవ్వి తన డబ్బా నా చేతికిచ్చేశారు. కేస్ షీట్లో నేను రాసిన మాటని ఆ పూటే కొట్టేశాను.

నీళ్లు వారంలో తేటపడ్డాయి. అయినా పైడయ్యకి తృప్తి లేదు.

"మిగిలినవి పన్నెండు. అందులో ఆడవి రెండేనమ్మా. రంగులున్నాయన్నీ మొగాళ్లే. డాక్టరుబాబు అందం సూసి ఏరుకొచ్చినట్టున్నారు. మేం భిలాయిలో కూలీల కేంపు ఒకట్లో దిగిన కొత్తలో ఇలగే ఉండీది, మొత్తం మొగాళ్లే, రోజూ తగువులే. కుటుంబాలొచ్చినాకే నెమ్మదైంది. ఆ రెంటికీ ఊపిరి సలపనీడం నేదు, సూడు."

చూశాను. పది మగవి వంతులవారీగా తరుముతుంటే రెండు ఆడవి గాజుకి అతుక్కుని ఉన్నాయి. ఈ మాట చెప్పినప్పుడు డాక్టరుగారు ముందు సిగ్గుపడ్డారు, తర్వాత పెద్దగా నవ్వారు. మలేరియా సెక్షన్ వాళ్లు దోమపిల్లల్ని తినడానికి సిమెంటు తొట్లలో గప్పీలని పెంచుతారు. వాళ్లకి చీటీ రాస్తే, రంగూ రూపూ లేని బూడిదరంగు ఆడ గప్పీలు ఇరవై వచ్చాయి. ఒక మగదానికి రెండు ఆడవి. అడుగున దాక్కోడానికి చెరువు నాచు గుత్తులుగా కట్టి వేయమన్నాడు పైడయ్య, వేశాం. మోలీలు వాటి పని అవి చూసుకున్నాయి. తరమడం ఆగలేదు, కానీ ఒకదాని మీదే పడడం ఆగింది. నవంబరులో ఒక పొద్దున్న, "సిస్టరమ్మా, నాచులో గుంటలున్నారు" అన్నాడు. గుంటలంటే మా వైపు పిల్లలు. కనురెప్ప వెంట్రుకంతవి, పదో పదిహేనో. నడవగలిగిన పేషెంట్లంతా కర్రల మీద వచ్చి తొట్టి చుట్టూ మూగారు. అంతకుముందు అన్నం పళ్లెం తోసేసిన ఏడో బెడ్డు మనిషి కూడా వచ్చాడు.

ఆరో వారం ఎక్స్‌రేలో మీదకెక్కిన ఎముక కిందికి దిగుతోంది. ఎనిమిదో వారానికి ఇంకా దిగింది. పన్నెండో వారం చివర ట్రాక్షన్ తీసే రోజు వచ్చింది. డాక్టరుగారు వంగి బిళ్లల్ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తబోయారు. పైడయ్య కుడి చెయ్యి పైకి లేచింది, అరచెయ్యి విప్పి. ఏ దేశం క్రేనువాడికైనా అర్థమయ్యే సైగ, ఆగమని. డాక్టరుగారు ఆగిపోయారు.

"మన్నించండి బాబూ. బరువు ఒట్టినే దించకూడదు. నాను సెప్తాను."

నేను ఆ మాట హిందీలో చెప్పాను. డాక్టరుగారు అలాగే వంగి ఎదురుచూశారు. పైడయ్య అరచెయ్యి కిందికి తిప్పి, వేళ్లు మెల్లగా కదిపాడు. "మైనా... మైనా..." ప్లాంటు కట్టే రోజుల్లో రష్యా ఇంజనీర్లు ఖలాసీలకి నేర్పిన మాట, దించమని. తాడు అంగుళం అంగుళం కిందికి వచ్చింది. బిళ్లలు చప్పుడు లేకుండా నేలని తాకాయి. పైడయ్య పిడికిలి బిగించాడు. పని అయిపోయిందని. పన్నెండు వారాలు ఒక మనిషి మోసిన బరువుని అంత మర్యాదగా దించడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు కూడా.

డాక్టరుగారు టేపు పట్టి రెండు కాళ్లూ కొలిచారు. కుడికాలు పావు అంగుళం తక్కువ. "పావు అంగుళం తేడా పుట్టుకతోనే చాలామందికి ఉంటుంది. ఎక్కొచ్చు" అన్నారు. మోకాలు వంగడానికి, బలం రావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. తర్వాతి ఏడాది చలికాలంలో పైడయ్య పనిబట్టల్లో అవుట్‌పేషెంటుకి వచ్చి, నమస్కారం పెట్టి, "నిన్న ఎక్కినానమ్మా" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. మాట వినని పేషెంట్లు ఎందరో వచ్చారు. వాళ్ల మీద కేకలేయడం మానేశానని చెబితే నాతో పనిచేసినవాళ్లు నవ్వుతారు. కేకలేసేదాన్ని. కానీ తర్వాత కుర్చీ లాక్కుని, మీ పనిలో అయితే దీన్ని ఎలా చేస్తారని అడిగేదాన్ని. లోకో డ్రైవరుకీ, కొలిమి దగ్గర పనిచేసేవాడికీ, ఇటికలు మోసే మనిషికీ ఎవరి నియమం వాళ్లకి ఉంటుంది. అది తెలుసుకున్నాక మా మాట వాళ్లకి ఎక్కించడం పెద్ద కష్టం కాదు. ఆ ప్రశ్న పైడయ్యని నేను మొదటి రోజే అడిగి ఉంటే, అతనికి ఆ పావు అంగుళం కూడా పోయేది కాదు.